పిల్లలకు పాకెట్ మనీ: ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి, దేనికి బహుమతిగా ఇవ్వకూడదు

పిల్లల చేతికి డబ్బు ఇవ్వాలా వద్దా అని పెద్దలు ఎంత తర్జనభర్జన పడినా, చాలా ఇళ్లలో ఆ డబ్బు ఇప్పటికే వెళ్తూనే ఉంది. బడి నుంచి వస్తూ కిరాణా కొట్టు దగ్గర ఆగే పిల్లవాడికి అమ్మో, నాన్నో, తాతయ్యో ఐదో పదో ఇస్తూనే ఉన్నారు. లేనిదల్లా ఆ ఇవ్వడానికి ఒక పద్ధతి. ఒకరోజు అడిగిందే తడవుగా ఇస్తారు, మరునాడు అదే మాటకు కసురుకుంటారు, ఇంకొకనాడు హోంవర్క్ పూర్తిచేస్తే ఇస్తామంటారు. ఇలా పెరిగిన పిల్లలకు ఎవరిని ఏ వేళలో ఎలా అడిగితే పని జరుగుతుందో బాగా తెలుస్తుంది గాని, చేతిలో ఉన్న డబ్బును ఎలా వాడుకోవాలో తెలియదు.

దీన్ని చక్కదిద్దాలంటే పిల్లలకు ఇచ్చే డబ్బును రెండు పాయలుగా విడదీయాలి. మొదటిది వారం వారం ఏ షరతూ లేకుండా అందే పాకెట్ మనీ. ఇది డబ్బును దాచడం, లెక్కించడం, ఆలోచించి ఖర్చుపెట్టడం నేర్పడానికి ఇచ్చేది. రెండోది, ఇంటి సభ్యుడిగా చేయవలసిన పనులకు మించి ఏదైనా పని చేసినప్పుడు, ముందుగా మాట్లాడుకున్న మేరకు ఇచ్చే ప్రతిఫలం. ఈ రెండింటినీ కలిపేసి మంచిగా ఉంటేనే పాకెట్ మనీ అన్నప్పుడు పిల్లలకు డబ్బు సంగతీ అబ్బదు, మంచి అలవాటూ నిలవదు. ఈ విభజనను ఇంట్లో ఎలా అమలు చేయాలో వరుసగా చెబుతాను.

మొదట రెండు వారాల ఖర్చు రాయండి

పాకెట్ మనీ మొదలుపెట్టే ముందు, పిల్లలకు ఏమీ చెప్పకుండా, వారి చిల్లర ఖర్చులకు ఇప్పుడు మీ చేతి నుంచి ఎంత పోతోందో రెండు వారాల పాటు రాసిపెట్టండి. చాక్లెట్లు, చిప్స్ ప్యాకెట్లు, ఐస్‌క్రీములు, స్టిక్కర్లు, పోయిన రబ్బర్లకూ పెన్సిళ్లకూ బదులుగా కొన్నవి, దారిలో కనిపించిందని కొనిచ్చిన బొమ్మలు అన్నీ అందులో చేరాలి. బడి ఫీజు, పుస్తకాలు, బట్టలు, మందులు, బస్సు ఛార్జీల వంటివి చేర్చకండి. అవి తల్లిదండ్రుల బాధ్యతగానే ఉండాలి.

ఉదాహరణకు తొమ్మిదేళ్ల అమ్మాయికి రెండు వారాల్లో 180 రూపాయలు ఖర్చయిందనుకుందాం. వారానికి 90 రూపాయలు. ఇందులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు, అంటే 45 నుంచి 60 రూపాయల మధ్య ఒక మొత్తాన్ని పాకెట్ మనీగా నిర్ణయించవచ్చు. పక్కింటి పిల్లలకు ఎంత ఇస్తున్నారన్న లెక్క కంటే ఈ లెక్క నమ్మదగినది, ఎందుకంటే ఇది మీ ఇంటి ఖర్చులోంచే పుట్టింది, కొత్త భారం మోపదు. కోరినవన్నీ కొనుక్కోవడానికి చాలనంత తక్కువగానూ, కొంత మిగుల్చుకోవడానికి వీలున్నంత ఎక్కువగానూ మొత్తం ఉండాలి. ఏదీ వదులుకోనక్కరలేనంత డబ్బు ఇస్తే పిల్లలకు ఎంచుకునే అవసరమే రాదు. మీ ఇంటి పరిస్థితి వారానికి పది రూపాయలకు మించి అనుమతించకపోతే పదితోనే మొదలుపెట్టండి, ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. నేర్చుకోవలసిన పాఠం పది రూపాయలతోనూ నేర్చుకోవచ్చు.

రోజు నిర్ణయించండి, తప్పకండి

నాణేలను గుర్తుపట్టి, ఇరవై వరకు లెక్కపెట్టి, కొట్లో చిల్లర సరిగా వచ్చిందో లేదో చూసుకోగలిగిన వయసులో, అంటే సుమారు ఆరేడేళ్లకు, పాకెట్ మనీ మొదలుపెట్టవచ్చు. చిన్న పిల్లలకు వారానికొకసారి ఇవ్వడమే మేలు. ఆరేళ్ల పిల్లకు నెలరోజులంటే ఎన్నటికీ రాని రోజే. ఆదివారం మాత్రం తప్పకుండా వస్తుందని తెలుసు. పన్నెండేళ్లు దాటాక పదిహేను రోజులకొకసారి, పద్నాలుగు నుంచి నెలకొకసారి ఇస్తే ఎక్కువ రోజులకు సరిపెట్టుకోవడం అలవడుతుంది.

ఆదివారం ఉదయమని చెప్పాక ఆదివారం ఉదయమే ఇవ్వాలి. ఒకేఒక యాభై నోటు చేతిలో పెట్టకుండా ఐదు పదులుగా ఇవ్వండి. నోటు ఒక్కటే ఉంటే అది అలాగే మారిపోతుంది, పదులుగా ఉంటే రెండు దాచి మూడు వాడుకోవచ్చునన్న ఆలోచన దానంతట అదే వస్తుంది. చిల్లర లేదు, వచ్చే వారం కలిపి ఇస్తానని మీరు వాయిదా వేస్తే, మాట ఇవ్వడం తేలికైన వ్యవహారమని వారు మీ దగ్గరే నేర్చుకుంటారు. తాతయ్య, నానమ్మ ఇంట్లోనే ఉంటే ఈ ఏర్పాటును ముందుగా వారికి వివరించి, వారం మధ్యలో అడిగితే ఇవ్వవద్దని మర్యాదగా ఒప్పించుకోవడం చాలా ముఖ్యం. లేకపోతే ఏ పద్ధతీ రెండు వారాలకు మించి నిలవదు.

కనిపించే సీసాలో దాచనివ్వండి

మన ఇళ్లలో పిల్లల పొదుపు అనగానే మట్టితో చేసిన గల్లా గురిగి గుర్తొస్తుంది. వేసిన డబ్బు పగలగొట్టేదాకా బయటకు రాదన్నది దాని గొప్ప గుణం, సైకిల్ వంటి పెద్ద కోరికకు అది బాగా పనికొస్తుంది. అయితే లోపల ఎంత చేరిందో కనబడకపోవడం వల్ల ఆరేడేళ్ల పిల్లలకు అది అంతగా ఉపయోగపడదు. వారికి ఖాళీ అయిన పచ్చడి సీసాలు రెండు శుభ్రంగా కడిగి ఇవ్వండి. ఒకటి ఖర్చుకు, ఒకటి దాచుకోవడానికి. దాచుకునే సీసా మీద కొనదలచిన వస్తువు పేరు, దాని ధర రాసిన చీటీ అంటించండి. 240 రూపాయల స్కెచ్ పెన్నుల పెట్టె కావాలనుకున్న పిల్ల వారానికి 20 చొప్పున దాస్తే 12 వారాలు పడుతుంది. ఆ భాగాహారం ఆమె చేతే చేయించండి. పన్నెండు వారాలు మరీ ఎక్కువనిపిస్తే 30 దాస్తానని ఆమే అంటుంది, ఎనిమిది వారాలకు దించుకుంటుంది. ఇంతకంటే మంచి లెక్కల పాఠం నాకు తెలియదు.

దానానికి మూడో సీసా పెట్టించే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. పిల్లలే కోరితే పెట్టండి గాని, ఇంత శాతం తప్పనిసరి అని విధించకండి. గుడి హుండీలోనో, మసీదులోనో, చర్చిలోనో, అవసరంలో ఉన్న మనిషి చేతిలోనో వేసేది తమ ఇష్టంతో ఇచ్చినదైతేనే దాని విలువ తెలుస్తుంది.

ఇచ్చాక పెత్తనం చేయకండి

పెద్దలకు అన్నిటికంటే కష్టమైనది ఈ మెట్టు. ఏవి కొనకూడదో ముందుగానే చెప్పండి. టపాకాయలు, శీతల పానీయాలు, ఫోన్ ఆటల్లో అమ్మేవి వంటి ఐదారు వస్తువుల చిన్న జాబితా చాలు. ఆ జాబితాలో లేనిది ఏది కొన్నా ఊరుకోవాలి.

హైదరాబాద్‌లో ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లి మైదానంలో నుమాయిష్ అనే పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంది. మూడు నెలలు దాచిన 300 రూపాయలతో అక్కడికి వెళ్లిన తొమ్మిదేళ్ల అబ్బాయిని ఊహించుకోండి. తలుపు దాటిన మొదటి వరుసలోనే లైట్లు వెలిగే తుపాకీ బొమ్మ కనబడుతుంది, ధర 250. ఇంకా ముందు చాలా దుకాణాలున్నాయి, ఒక చుట్టు తిరిగి వచ్చి కొనుక్కోవచ్చు కదా అని మీరు ఒక్కసారి చెప్పవచ్చు. అయినా కొంటానంటే కొననివ్వండి. మరునాటికి లైటు వెలగదు. అప్పుడు మీరు రెండు పనులు చేయకూడదు: నేను ముందే చెప్పానా అనకూడదు, జాలిపడి ఇంకొకటి కొనిపెట్టకూడదు. పోయిందని బాధపడుతున్న పిల్లవాడి పక్కన కూర్చుని, వచ్చే ఏడాది ఏం చేద్దామనుకుంటున్నావని అడిగితే చాలు. 250 రూపాయల నష్టంతో తొమ్మిదేళ్లకు తెలిసివచ్చే సంగతి, తెలియకుండా పెరిగితే ఇరవై అయిదేళ్లకు క్రెడిట్ కార్డు బిల్లు రూపంలో తెలిసివస్తుంది.

మధ్య వారంలో డబ్బు అయిపోయిందని వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. కోపగించుకోకండి, ఉపన్యాసం ఇవ్వకండి, ఆదివారం దాకా ఆగమని మాత్రం చెప్పండి. ఆ మూడు నాలుగు రోజుల ఎదురుచూపులోనే అసలు చదువు జరుగుతుంది.

కొట్లో ఏం చూడాలో నేర్పడం మాత్రం మీ పనే. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ ఎక్కడ ఉంటుందో, బరువు ఎక్కడ రాస్తారో చూపించండి. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్‌నూ, అంతే ధరకు వచ్చే పల్లీ చిక్కీనీ పక్కపక్కన పెట్టి దేనిలో ఎన్ని గ్రాములున్నాయో చదివిస్తే, ఉబ్బిన ప్యాకెట్‌లో గాలి ఎంతో పిల్లలే చెబుతారు. చిల్లరకు బదులు చాక్లెట్ చేతిలో పెట్టే దుకాణాలుంటాయి. నాకు చాక్లెట్ వద్దండి, చిల్లర ఇవ్వండి అని మర్యాదగా అడగడం ఎనిమిదేళ్ల పిల్లలకు తప్పకుండా నేర్పవలసిన మాట.

వేటికి డబ్బు ఇవ్వకూడదు

ఇక బహుమతుల సంగతి. తిన్న కంచం తీయడం, పక్క సర్దుకోవడం, మంచినీళ్ల సీసాలు నింపడం, చెల్లెలిని చూసుకోవడం, నానమ్మకు మందులు అందించడం వంటి పనులకు ఎన్నడూ డబ్బు ముట్టచెప్పకండి. ఇవి ఆ ఇంట్లో ఉన్నందుకు అందరూ పంచుకునే పనులు. అమ్మ వంట చేసినందుకు ఎవరూ జీతం ఇవ్వడం లేదన్నది పిల్లలకు తెలియాలి. నానమ్మకు మందు ఇచ్చినందుకు ఐదు రూపాయలు అందుకున్న పిల్లవాడు, ఐదు రూపాయలు అవసరం లేని రోజున మందు ఇవ్వకపోతే తప్పు అతనిది కాదు.

ఏడుపు ఆపడానికి డబ్బు ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదకరం. పెళ్లింట్లో పదిమంది ముందు మారాం చేస్తున్న పిల్లకు, ఊరుకుంటే పది రూపాయలిస్తానని చెవిలో చెప్పే తల్లి ఇరకాటాన్ని నేను అర్థం చేసుకోగలను. కాని అక్కడ జరిగిన బేరంలో మారాం అమ్ముడుపోయిన సరుకు. ముందు మాట్లాడుకున్నది బహుమతి, మొండికేసిన తర్వాత ఒప్పుకున్నది లంచం. ఈ తేడా పాటిస్తే సగం చిక్కులు రావు.

పిల్లలు ఇప్పటికే ఇష్టపడి చేస్తున్న పనికి కూడా డబ్బు పెట్టకండి. దీనికి బలమైన ఆధారం ఉంది. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పసిపిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందుగా చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత ఆటవేళలో గమనిస్తే, ముందుగా మాట తీసుకుని బహుమతి పొందిన పిల్లలు తక్కిన రెండు గుంపుల పిల్లల కంటే తక్కువసేపు బొమ్మలు గీశారు. చెప్పకుండా బహుమతి పొందినవారిలో ఆ తగ్గుదల లేదు. అందువల్ల మీ అమ్మాయి తనంతట తాను కథల పుస్తకాలు చదువుతుంటే పుస్తకానికింత అని ధర కట్టకండి. ఎప్పుడైనా ఉన్నట్టుండి ఒక కొత్త పుస్తకం తెచ్చి ఇవ్వండి, అది చాలు.

ప్రతిఫలం ఇవ్వదగిన పనులు

డబ్బు ఇవ్వదగిన పని ఎలా ఉండాలి? ఇంటి రోజువారీ బాధ్యతల్లో లేనిదై, మీరు బయటి మనిషిని పెట్టుకుంటే డబ్బిచ్చి చేయించుకునేదై, పూర్తయిందో లేదో చూడగానే తెలిసేదై ఉండాలి. బండి కడగడం, పుస్తకాల అరలు ఖాళీచేసి దుమ్ము దులిపి తిరిగి సర్దడం, పూలకుండీల్లో మట్టి మార్చడం, పండుగ ముందు ఫ్యాన్లు తుడవడం ఇలాంటివి.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చినది పాత పేపర్ల పని. నెలనెలా పేరుకున్న దినపత్రికలను పేర్చి, మడతలు సరిచేసి, పురికొసతో కట్టలు కట్టే పని పిల్లలకు అప్పగించండి. పాత పేపర్లు కొనే అతను వచ్చినప్పుడు వారినే మాట్లాడనివ్వండి. కిలో ఎంత అని అడగడం, తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగడం, ఆరు కిలోలను పన్నెండుతో హెచ్చవేసి 72 అని చెప్పడం, అతను 70 ఇస్తానంటే ఒప్పుకోవాలో లేదో తేల్చుకోవడం అన్నీ వారే చేయాలి. ఆ వచ్చిన డబ్బులో ఎంత వారిది, ఎంత ఇంటిది అన్నది ముందే అనుకుని ఉండాలి. బేరం, తూకం, శ్రమ, సరుకు అనే నాలుగు సంగతులు ఒక్క పావుగంటలో ఇంతగా కళ్లకు కట్టే పని మన ఇళ్లలో మరొకటి లేదు.

ఏ పనికైనా చేసే ముందే ధర చెప్పాలి, పని ఎలా ఉంటే పూర్తయినట్టో చూపించాలి, పూర్తయిన వెంటనే డబ్బు ఇవ్వాలి. సగం కడిగిన బండికి సగం డబ్బు ఇవ్వకండి. మిగతాది రేపు పూర్తిచేసి మొత్తం తీసుకోమనండి. ఇద్దరు పిల్లలుంటే పనులను పంచండి గాని ఒకే పనికి పోటీ పెట్టకండి, ఎందుకంటే పెద్దవాడే ఎప్పుడూ గెలుస్తాడు.

కొత్త అలవాటు పట్టించడానికి కొద్దికాలం బహుమతి వాడుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు మరుసటి రోజు బ్యాగ్ సర్దుకోవడం అసలే అలవాటు లేని పిల్లవాడికి, గోడ క్యాలెండర్ మీద సర్దుకున్న రోజున ఒక గుర్తు పెట్టనిచ్చి, వారంలో ఆరు రోజులకు ఐదు గుర్తులుంటే ఆదివారం అదనంగా 10 రూపాయలు ఇవ్వండి. ఇది నాలుగు వారాలే అని మొదటి రోజే చెప్పండి. నాలుగో వారం తర్వాత బహుమతి ఆగుతుంది, పని కొనసాగుతుంది. గడువు చెప్పకుండా మొదలుపెట్టి మధ్యలో ఆపితే అది వారి దృష్టిలో జీతం ఎగవేయడమే.

చదువుకు, మార్కులకు

క్లాసులో ఫస్ట్ వస్తే సైకిల్, పదో తరగతిలో మంచి మార్కులు వస్తే ఫోన్ అని మాట ఇవ్వడం మనకు బాగా అలవాటు. ఇందులోని చిక్కు ఏమిటంటే, ఫస్ట్ రావడం పిల్లవాడి చేతిలో లేదు. పక్కవాడికి రెండు మార్కులు ఎక్కువ వస్తే ఏడాది పడిన కష్టమంతా వృథా అయినట్టే. రోజూ ముప్పావుగంట కూర్చోవడం, తప్పు చేసిన లెక్కలను మళ్లీ చేయడం మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉన్నాయి.

హార్వర్డ్ ఆర్థికవేత్త రోలాండ్ ఫ్రయర్ అమెరికా నగరాల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థులకు నిజంగానే డబ్బు ఇచ్చి చూసి, ఆ ఫలితాలను 2011లో ప్రచురించారు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు, షికాగోలో గ్రేడ్లకు డబ్బు ఇచ్చినప్పుడు ప్రామాణిక పరీక్షల్లో చెప్పుకోదగిన మార్పు రాలేదు. డల్లాస్‌లో మాత్రం రెండో తరగతి పిల్లలకు చదివిన ప్రతి పుస్తకానికి 2 డాలర్లు ఇచ్చారు, నిజంగా చదివారో లేదో ఒక చిన్న పరీక్షతో తేల్చుకున్నారు. అక్కడ ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగుపడింది. మార్కులు ఎలా పెంచుకోవాలో తెలియని పిల్లవాడికి మార్కులకు డబ్బు చూపిస్తే ఆశ పుడుతుంది గాని దారి కనబడదు. పుస్తకం తెరిచి చదవడం ఏ పిల్లవాడికైనా తెలిసిన పని.

కాబట్టి చదువు విషయంలో డబ్బు ఇవ్వాలనుకుంటే, అయిష్టంగా ఉన్న ఒక నిర్దిష్టమైన శ్రమకు, కొద్దికాలం మాత్రమే ఇవ్వండి. పన్నెండో ఎక్కం నుంచి ఇరవయ్యో ఎక్కం వరకు తడుముకోకుండా అప్పచెబితే ఎక్కానికి ఇంత అన్నది సరైన ఒప్పందం. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున బయట భోజనం చేయడం, బంధువులకు మిఠాయి పంచడం వేరు. అది పండుగ, మార్కులు తగ్గినా ఆ పండుగ జరగాలని నా గట్టి అభిప్రాయం.

శిక్షగా కోత వద్దు

అల్లరి చేస్తే, అబద్ధం చెబితే, తమ్ముడిని కొడితే పాకెట్ మనీలో కోత పెట్టాలని అనిపిస్తుంది. అలా చేయకండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టి చూశాయి. యూరి గ్నీజీ, ఆల్డో రుస్టిచీనీ అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించిన ఈ పరిశీలనలో ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి; జరిమానా ఎత్తేసిన తర్వాత కూడా మునుపటి స్థాయికి దిగలేదు. అంతకుముందు టీచరును నిలబెట్టేశామే అని సిగ్గుపడినవారు, డబ్బు కడుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండిపోయారు. తమ్ముడిని కొట్టడానికి 20 రూపాయలు అని మీరు ధర కడితే, డబ్బున్న రోజున పెద్దవాడు ఆ ధర చెల్లించి కొడతాడు. అల్లరికి దిద్దుబాటు అల్లరి దగ్గరే జరగాలి. ఒక్క మినహాయింపు ఉంది: కావాలని ఎవరి వస్తువైనా పాడుచేస్తే, దాన్ని బాగుచేయించడానికి తమ డబ్బులోంచి కొంత ఇవ్వడం న్యాయమే.

బంధువులు చేతిలో పెట్టే నోట్లు

భోగినాడు రేగుపళ్లతో కలిపి తలమీద పోసే నాణేల నుంచి, వెళ్తూ వెళ్తూ మామయ్య చేతిలో మడిచి పెట్టే ఐదువందల నోటు వరకు, రాఖీకి అన్నయ్య ఇచ్చేది, రంజాన్‌కు వచ్చే ఈదీ, పుట్టినరోజు కవర్లు కలుపుకుంటే మన పిల్లలకు ఏడాదిలో అందే మొత్తం పాకెట్ మనీ కంటే ఎక్కువే కావచ్చు. నేను దాచిపెడతాను ఇటివ్వు అని అమ్మ తీసుకుంటుంది, ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. అమ్మ ఉద్దేశం మంచిదే, అవసరమూ నిజమే కావచ్చు. అయినా పిల్లలు ఆ లెక్క మరచిపోరు.

దీనికి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఇచ్చినవారు, మొత్తం అని మూడు గడులు గీసి పిల్లల చేతే రాయించండి. వచ్చినదానిలో పదో వంతో, ఐదో వంతో వారి చేతి ఖర్చుకు ఇచ్చి తక్కినది వారి పేరు మీద బ్యాంకులో వేయండి. ఇంటికి అత్యవసరంగా వాడుకోవలసి వస్తే ఆ సంగతి చెప్పి, అప్పుగా రాసి, తిరిగి జమచేయండి.

లెక్క, వడ్డీ, బ్యాంకు

ఎనిమిదేళ్లు దాటినవారితో వచ్చింది, పోయింది, మిగిలింది అని వారానికొకసారి రాయించండి. రెండు మూడు రూపాయలు లెక్కకు రాకపోతే పట్టించుకోకండి. కచ్చితత్వం మెల్లగా వస్తుంది, విసుగు వెంటనే వస్తుంది. పదేళ్ల పిల్లలకు ఇంటి పాల లెక్క అప్పగించవచ్చు. రోజుకు అర లీటరు, లీటరు 70 రూపాయలనుకుంటే రోజుకు 35. ఊరెళ్లిన మూడు రోజులు పాలు వద్దన్నారు కాబట్టి ముప్పై రోజుల నెలకు 27 రోజుల బిల్లు, మొత్తం 945 రూపాయలు. క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకుని, నెలాఖరున పాలు పోసే అతనికి లెక్క చెప్పి డబ్బు అందించే పిల్లకు ఇల్లు ఎలా నడుస్తుందో కొంత తెలుస్తుంది. ఇది ఇంటిపని, దీనికి ప్రతిఫలం వద్దు.

నెలాఖరున దాచుకునే సీసాలో ఉన్న ప్రతి 50 రూపాయలకు మీరు 2 రూపాయలు వడ్డీగా కలపండి. నిజమైన బ్యాంకు ఇంత ఇవ్వదని కూడా చెప్పండి. పన్నెండు పదమూడేళ్లకు అప్పు వడ్డీ గురించి మాట్లాడాలి. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చాలా చిన్నది. పది వేల అప్పుకు నెలకు 200, ఏడాదికి 2,400, అంటే 24 శాతం. అదే పది వేలు పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 4 శాతం చొప్పున ఉంటే వచ్చేది 400. ఈ రెండు అంకెలను పక్కపక్కన పిల్లల చేతే వేయించండి, ఇంకేమీ వివరించనక్కరలేదు. వారు ఎప్పుడైనా మీ దగ్గర ముందస్తుగా అడిగితే ఒక వారం పాకెట్ మనీకి మించకుండా ఇచ్చి, కాగితం మీద రాసుకుని, వాయిదాల్లో పట్టుకోండి. అది తీరేదాకా రెండో అప్పు ఇవ్వకండి.

పదేళ్లు నిండగానే ఖాతా తెరిపించండి. 2025 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పదేళ్లు నిండిన మైనర్లు బ్యాంకు నిర్ణయించిన పరిమితులకు లోబడి తమంతట తామే సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు. అంతకంటే చిన్నవారికి తల్లిగాని తండ్రిగాని సంరక్షకులుగా ఉండి తెరవవచ్చు. స్టేట్ బ్యాంకులో చిన్నపిల్లలకు తల్లిదండ్రులతో కలిపి పెహలా కదమ్, పదేళ్లు దాటి సంతకం చేయగలిగినవారికి పెహలీ ఉడాన్ అనే ఖాతాలున్నాయి. పోస్టాఫీసులో 500 రూపాయలతో ఖాతా మొదలుపెట్టవచ్చు. ఏది ఎంచుకున్నా పిల్లలను వెంట తీసుకెళ్లి, జమ చీటీ వారితోనే నింపించి, పాస్‌బుక్‌లో అంకె పడేదాకా ఉండండి.

ఫోన్‌లో చెల్లింపులు

పన్నెండేళ్లు వచ్చేదాకా నోట్లు, నాణేలే ఇవ్వాలన్నది నా సలహా. స్కాన్ చేస్తే చేతి నుంచి ఏదీ తగ్గినట్టు అనిపించదు, సీసా ఖాళీ కావడం కనబడదు. పెద్దవారయ్యాక 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ వంటి ఏర్పాటు ద్వారా, మీ ఖాతా నుంచి పరిమిత మొత్తం చెల్లించే వీలు, లేదా ప్రతి చెల్లింపుకూ మీ అనుమతి కోరే వీలు కల్పించవచ్చు. మీ పిన్ నంబరు మాత్రం ఏ వయసులోనూ చెప్పకండి. ఆటల్లో ఆయుధాలూ నాణేలూ అమ్మే యాప్‌ల వల్ల చాలా ఇళ్లలో జరిగే నష్టానికి ఆ పిన్ తెలియడమే మూలం.

ఏటా పుట్టినరోజుకు మొత్తం పెంచండి, పెంచినప్పుడల్లా ఒక కొత్త ఖర్చు కూడా అప్పగించండి. పదేళ్లకు పెన్నులు, రబ్బర్లు, జామెట్రీ బాక్స్ వారి డబ్బులోంచే. పన్నెండేళ్లకు స్నేహితుల పుట్టినరోజు కానుకలు. పద్నాలుగేళ్లకు క్షవరం, ఫోన్ రీచార్జి. పదహారేళ్లకు పండుగ బట్టల మొత్తం ఒకేసారి ఇచ్చి, చొక్కాకు ఎంత, చెప్పులకు ఎంత అన్నది వారికే వదిలేసి, మీరు బట్టల దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చోండి.